బందరు లోగిలిలో దెయ్యం: నేను వెతికి చూసిన సంగతి

మచిలీపట్నంలో పాత పేటల మధ్య ఒక మండువా లోగిలి ఉంది. ముఖద్వారం పైన గచ్చు నగిషీలో 1908 అని కట్టిన ఏడాది ఇప్పటికీ కనిపిస్తుంది. చుట్టూ వసారా, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, టేకు దూలాల నట్టిల్లు, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి. వారసులు హైదరాబాదులోనూ అమెరికాలోనూ స్థిరపడ్డారు. ఇంటిని కనిపెట్టుకుని ఒక వాచ్‌మన్ కుటుంబం వెనకవైపు గదుల్లో ఉంటోంది. ఆ కుటుంబంలో ఇంటర్ చదివే అమ్మాయి కాలేజీకి రావడం మానేసింది. ఇంట్లో దెయ్యం ఉందని, అది ఆ పిల్లను పట్టుకుందని అందరూ అనుకుంటున్నారని మా స్టాఫ్‌రూములో ఒక మేడం చెప్పారు. నేను ఫిజిక్స్ చెబుతాను. ఊళ్లలో మూఢనమ్మకాల మీద పెట్టే సైన్స్ ప్రదర్శనలకు చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. ఒక ఇంట్లో కూర్చుని, అక్కడ నిజంగా ఏం జరుగుతోందో తేల్చాలని పూనుకోవడం మాత్రం అదే మొదలు.

ఊళ్లో చెప్పుకునే కథ ఇది. 1864 నవంబరు 1 రాత్రి బందరును ఉప్పెన ముంచెత్తింది. 30,000 మంది పోయారని పాత గెజిటీర్లలో ఉంది. ఆ నీళ్లలో ఒక ఇల్లాలు పసిబిడ్డను చంకనేసుకుని నూతి గట్టు దాకా వచ్చి, అక్కడే ప్రాణం విడిచిందట. ఆవిడే ఇప్పటికీ తడి కాళ్లతో వంటింటి పక్క నడవలో తిరుగుతుందట. అర్ధరాత్రి దాటాక గజ్జెలు వినిపిస్తాయి. అటక మీద బిడ్డ ఎగపోస్తూ ఊపిరి తీస్తుంది. కార్తీకంలో మేడగది కిటికీలో దీపం వెలుగుతుంది. ఇల్లు కట్టింది 1908లో కదా అంటే, స్థలం పాతది, నుయ్యి అంతకన్నా పాతది అంటారు.

ఉప్పెన అనేది బందరు వాళ్లకు పుస్తకంలో మాట కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెనలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాచ్‌మన్ తల్లి అలాంటి మనిషి. తమ్ముళ్ల శవాలు కూడా దొరకలేదని చెప్పింది. ఆమె ఎదురుగా కూర్చుని “దెయ్యాలూ గియ్యాలూ ఏమీ లేవు” అని మొదలుపెట్టడానికి నాకు మనసు రాలేదు. అలా మొదలుపెడితే ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ నాకు ఉన్నదున్నట్టు చెప్పరు కూడా.

నాస్తిక ఉద్యమకారుడు గోరా గారు బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పారు. ఆయనా, ఆయన భార్య సరస్వతి గారూ దెయ్యాల కొంపలని పేరుపడ్డ ఇళ్లలో కావాలనే కాపురం ఉండి చూపించారు. ఆ తెగువ అంటే నాకు ఎనలేని గౌరవం. కానీ నేను అక్కడ ధైర్యంగా పడుకుని లేచి వచ్చినంత మాత్రాన, ఆ పిల్లకు రాత్రి వినిపించింది ఏమిటో తెలియదు. ఆమెకు కావలసింది నా ధైర్యం కాదు, ఆ చప్పుడు ఎక్కడిదన్న జవాబు.

అందుకే ముందు వినడానికే సమయం పెట్టాను. ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడాను, ఒకరు చెబుతుంటే ఇంకొకరు అందుకోకుండా. ఎక్కడున్నారు, ఏం వినపడింది, ఎన్ని గంటలప్పుడు, అప్పుడు గాలి ఉందా వాన ఉందా, లేచి ఏం చేశారు. “అది ఏమై ఉంటుంది?” అని మాత్రం ఎవరినీ అడగలేదు. ఆ ప్రశ్న వేశామా, మనిషి తను విన్నది పక్కన పెట్టి ఊరు చెప్పింది చెబుతాడు.

వాచ్‌మన్ “గజ్జెల చప్పుడేనండి, గలగలా వినపడుద్ది” అన్నాడు. అమ్మాయిని అడిగితే కాసేపు ఆలోచించి, “గలగలా కాదు మేడం. ఒక్కటే టింగుమంటుంది. ఆగుతుంది. మళ్లీ రెండుసార్లు. నడిచే మనిషి గజ్జెలైతే అడుగడుక్కీ మోగాలి కదా” అంది. తర్వాత బొటనీ రికార్డు పుస్తకం తెచ్చి వెనక పేజీలు చూపించింది. ఏ రాత్రి, ఎన్ని గంటలకు, ఎటువైపు నుంచి, ఎంతసేపు, అన్నీ పెన్సిల్‌తో రాసిపెట్టుకుంది. ఎవరూ తన మాట నమ్మట్లేదని రాసుకుందట. ఆ పేజీలు చూసి నాకు కళ్లు చెమర్చాయి. భయంతో వణుకుతూ కూడా గడియారం చూసి టైము వేసిన పిల్ల అది. ఆ తర్వాత నేను కనిపెట్టిన వాటిలో సగం ఆ పుస్తకం చలవే.

అందులో ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. చప్పుళ్లు దాదాపు అన్నీ రాత్రి రెండు దాటాకే. ఎండాకాలం పేజీలు ఖాళీ. చలి మొదలయ్యే రోజుల్లో వరసగా ఉన్నాయి.

వారసుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. ఇది ముఖ్యం. అంతకుముందు వీడియోలు తీసే కుర్రాళ్లు కొందరు గోడ దూకి వచ్చి, నట్టింట్లో అగరొత్తులు వెలిగించి, మేడ మెట్ల కొయ్య కమ్మీ విరగ్గొట్టి పోయారు. ఆ వీడియో చూశాక చుట్టుపక్కల వాళ్లు వాచ్‌మన్ పిల్లలతో తమ పిల్లలను ఆడుకోనివ్వడం మానేశారు. దాని గురించి నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. వాళ్ల చేతుల్లో దీపాలు మెరిసే మీటర్లు ఉంటాయి. అవి కరెంటు తీగల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని చూపిస్తాయి, అంతే. పాత వైరింగున్న ఏ ఇంట్లోనైనా అవి వెలుగుతాయి.

దెయ్యం సంగతి ఎలా ఉన్నా, ప్రాణానికి ముప్పు తెచ్చేవి ముందు చూడాలి. నా జాబితాలో మొదటిది కార్బన్ మోనాక్సైడ్. 1921లో అమెరికాలో విల్మర్ అనే కంటి వైద్యుడు ఒక కుటుంబం సంగతి వైద్య పత్రికలో ప్రచురించాడు. కొత్తగా దిగిన ఇంట్లో వాళ్లకు అడుగుల చప్పుడు వినిపించేది, మనుషులు కనిపించేవారు, తలనొప్పులు, నీరసం. చివరికి చూస్తే ఇంటిని వెచ్చబరిచే కొలిమి పాడై, ఆ విషవాయువు గదుల్లోకి వస్తోంది. ఇక్కడ వాచ్‌మన్ కుటుంబం దోమలకు రాత్రిళ్లు మూకుట్లో ఊక, వేపాకు పొగ వేసి తలుపు మూసుకుని పడుకుంటారు. అందుకే మీటరు కొని ఆ గదిలో పెట్టాను. అది పెద్దగా కదల్లేదు. పైన మంగుళూరు పెంకుల సందుల్లోంచి గాలి బాగానే ఆడుతోంది. అయినా పొగ మూకుడు బయటే పెట్టుకోమని, దోమతెర కట్టుకోమని చెప్పాను. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పాత స్విచ్చుబోర్డు తీయించాం. మేడ మీద పుచ్చిన వాసాల కింద ఎవరూ నడవకుండా తాడు కట్టించాం.

రెండోది మనుషులు. అమ్మకానికి ఉన్న పాత ఇంటికి దెయ్యం పేరు వస్తే ధర పడిపోతుంది, ఆ పడిపోవడం వల్ల లాభపడేవాళ్లు ఉంటారు. కాబట్టి ఎవరైనా కావాలని చేస్తున్నారేమో చూడాలి. గుమ్మాలకు అడ్డంగా నల్ల దారం కట్టాం, నడవలో పల్చగా ముగ్గుపిండి చల్లాం. తెల్లారి చూస్తే దారాలు తెగలేదు. పిండి మీద ఎలుకల అడుగులు, బల్లి తోక గీతలు తప్ప మనిషి పాదం లేదు. చప్పుడు మాత్రం ఆ రాత్రులూ వినపడింది.

ఆ చప్పుడు నేనూ విన్నాను. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. చీకట్లో ఆ ఇంట్లో ఒక్క “టింగ్” చాలు, కథంతా దాని వెనకే వచ్చేస్తుంది. నట్టింట్లో ఒక ఫోను, మేడ మెట్ల దగ్గర ఇంకొక ఫోను రికార్డింగులో పెట్టి ఉంచాం. నట్టింటి ఫోనులో చప్పుడు గట్టిగా ఉంది, మెట్ల దగ్గర మెల్లగా ఉంది. అంటే అది నట్టింట్లోనే పుడుతోంది. పగలు అక్కడ నిలబడి తలెత్తితే దూలానికి ఉయ్యాల గొలుసులు వేలాడుతున్నాయి. చిలకల బొమ్మలు కూర్చిన ఇత్తడి గొలుసులు, నాలుగు. బల్ల లేదు.

బల్ల ఏమైందని అడిగితే వాచ్‌మన్ తల్లి చెప్పింది: “పెద్దమ్మగారు పోయాక తీసేశారమ్మా. ఖాళీ ఉయ్యాల ఊగకూడదు, ఆవిడొచ్చి కూచుంటదని అటకెక్కించారు.” గజ్జెలు ఎప్పటి నుంచి వినపడుతున్నాయని ఆమెను మళ్లీ అడిగాను. పెద్దమ్మగారు ఉన్న రోజుల్లో ఎప్పుడూ వినలేదంది. బల్ల ఉన్నంతకాలం దాని బరువుకు గొలుసులు బిగిసి ఉన్నాయి. బల్ల తీసేశాక వదులై, చిన్న గాలికే ఒకదానికొకటి తగులుతున్నాయి.

మరి రెండింటికే ఎందుకు? సముద్రం పక్క ఊరు కదా. పగలూ సాయంత్రమూ గాలి సముద్రం మీంచి ఊరి మీదికి వీస్తుంది. రాత్రి పొద్దుపోయాక నేల నీటికన్నా త్వరగా చల్లబడి, గాలి దిశ మార్చి నేల మీంచి సముద్రం వైపు మళ్లుతుంది. ఆ ఇంటికి పెరడు పడమర వైపు ఉంది. నడవలో అగరొత్తి వెలిగించి చూస్తే, రాత్రి రెండు దాటాక పొగ పెరటి వైపు నుంచి నట్టింట్లోకి వంగి, మండువాలోంచి పైకి పోవడం కళ్లారా చూశాం. ఎండాకాలంలో అర్ధరాత్రి దాటినా సముద్రపు గాలి ఆగదు. అమ్మాయి పుస్తకంలో ఎండాకాలం ఖాళీగా ఉన్నది అందుకే.

ఇక్కడితో తేలిపోయిందని నేను అనుకోలేదు. కొన్ని రాత్రులు గొలుసులను పాత చీర గుడ్డతో చుట్టి కట్టేశాను, కొన్ని రాత్రులు వదిలేశాను. ఏ రాత్రి కట్టానో ఆ కుటుంబంలో ఎవరికీ చెప్పలేదు, నట్టింటి తలుపు తాళం నా దగ్గరే ఉంచుకున్నాను. అమ్మాయిని ఎప్పట్లాగే రాసుకోమన్నాను. తర్వాత ఆమె పేజీలూ నా పేజీలూ పక్కపక్కన పెట్టి చూశాం. గుడ్డ చుట్టిన ఏ రాత్రీ ఆమె పుస్తకంలో చప్పుడు లేదు. ఆ పిల్ల తలెత్తి, “అయితే నేను విన్నది నిజమే కదా మేడం?” అంది. నిజమేనమ్మా అన్నాను. చాలా కాలంగా ఆ మాట కోసమే చూస్తున్నట్టు ఊపిరి పీల్చుకుంది.

అటక మీద బిడ్డ ఊపిరి సంగతి పగటిపూటే తేలింది. నిచ్చెన వేసి ఎక్కితే ఉయ్యాల బల్ల వెనక మూలన మూడు గుడ్లగూబ పిల్లలు. తెల్లటి మొహం, నల్లటి కళ్లు. కొందరు చావుపిట్ట అంటారే, ఆ జాతి. ఇవి మిగతా గుడ్లగూబల్లా ఘూకరించవు, కీచుమని అరుస్తాయి. పిల్లలు ఆకలికి రాత్రంతా బుసకొడుతున్నట్టు, గురకపెడుతున్నట్టు చప్పుడు చేస్తాయి. కింద పడుకున్న మనిషికి అది అచ్చం ఎగశ్వాసే. నేల మీద ఎలుక బొచ్చు, ఎముకలు కలిసిన నల్లటి ఉండలు చెదురుమదురుగా ఉన్నాయి. జీర్ణం కానివాటిని ఆ పక్షి అలా ఉండ చేసి కక్కేస్తుంది. ఆ గదిలో వచ్చే కుళ్లు వాసనకూ అవే కారణం. గూడు తీయించేద్దామని వారసుల్లో ఒకాయన ఫోనులో అన్నారు. గుడ్లగూబలకు 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉందని, పైగా చుట్టూ వరిచేలున్న ఊళ్లో ఎలుకలను తినే పక్షి రైతుకు మేలు చేస్తుందని చెప్పి ఆపాను. పిల్లలు ఎగిరిపోయాక ఆ ఊపిరి ఆగిపోయింది.

తడి అడుగులు మాత్రం నన్ను బాగా తిప్పలు పెట్టాయి. నడవ గచ్చు నేల మీద కొన్ని తెల్లవారుజాముల్లో నిజంగానే తడి మరకలు వస్తున్నాయి. అటొకటి ఇటొకటిగా, వంటింటి గుమ్మం నుంచి నూతి వైపు తలుపు దాకా. మధ్యాహ్నానికి ఆరిపోతాయి. పైకప్పు కారడం లేదు. నేల కింద పైపులు లేవు. ముగ్గుపిండి చల్లిన రాత్రి, ఎవరూ తొక్కని చోట పిండి దానంతటదే తడిసి ముద్దయింది. గాలిలో తేమ కొలిచే చిన్న మీటరు అక్కడ పెడితే ఒక లెక్క బయటపడింది. తేమ 75 శాతం దాటి కొన్ని గంటలు నిలిచిన రోజుల్లోనే మరకలు వస్తున్నాయి.

75 అనగానే నాకు ఉప్పు తట్టింది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తనే కరిగి నీరవుతుంది. వానాకాలంలో ఉప్పు జాడీ చెమర్చడం మనమందరం చూసేదే. మా కెమిస్ట్రీ మేడం దగ్గర సిల్వర్ నైట్రేట్ ద్రావణం అడిగి తీసుకున్నాను. ఉప్పునీటిలో పడితే అది తెల్లగా విరుగుతుంది. మరక మీద స్వేదనజలంతో తడిపిన దూది అద్ది, ఆ నీటిలో రెండు చుక్కలు వేస్తే పెరుగు విరిగినట్టు తెల్లగా ముద్ద కట్టింది. వెలుతురులో ఉంచితే ఊదారంగుకు తిరిగింది. మరకలు లేని చోట నుంచి తీసిన నీరు కాస్త మసకబారింది, అంతే. బందరులో ఏ నేలలోనైనా ఆ మాత్రం ఉప్పు ఉంటుంది. ఆ మరకల కింద మాత్రం దట్టంగా ఉంది.

కానీ ఉప్పు అడుగుల వరసలో ఎందుకుంది? దీనికి జవాబు హైదరాబాదులో ఉండే ఆ ఇంటి ఆడపడుచు చెప్పారు. ఎనభై దాటినావిడ. ఫోనులో నడవ గురించి అడగ్గానే గొంతు మారిపోయింది. “అక్కడ మా అమ్మ జాడీలు పెట్టేదమ్మా. గోడవార ఆవకాయ, ఇవతల వరస మాగాయ. ఒకదానికొకటి ఎదురు పడకుండా ఎడం ఎడంగా, మధ్యలో మనిషి నడిచేలాగ. ఆ చివర ఉప్పు కుండలు. పిల్లలం అటు వెళ్తే అంటూ మైలా అని కేకలేసేది.” ఏళ్ల తరబడి జాడీల అడుగున ఊరిన ఉప్పునీరు గచ్చులోకి ఇంకిపోయింది. జాడీలు పోయాయి, వాటి చోట్లు మిగిలాయి. ఆవిడ ఆ తర్వాత చాలాసేపు మాట్లాడారు, వాళ్లమ్మ గురించి, ఎండాకాలంలో ఇంటినిండా పరిచే మామిడికాయ ముక్కల గురించి. నేను అడ్డుపడలేదు. ఆ ఇంటిని కూల్చకూడదని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే.

పాత కాగితాల వైపు కూడా వెళ్లాను. బందరు పురపాలక సంఘం 1866లో ఏర్పడింది, అంటే ఉప్పెన తర్వాతే. ఇంటి దస్తావేజుల్లో స్థలం కొన్నప్పుడు నుయ్యి ఉన్నట్టు రాసి ఉంది. నూతి దగ్గర చనిపోయిన ఇల్లాలి ఊసు నేను చూసిన ఏ కాగితంలోనూ లేదు. ఆమె లేదని దానర్థం కాదు. ఆ రాత్రి పోయిన వేలమందిలో ఎవరి పేరు ఎవరు రాసిపెట్టారు గనుక?

ఇక అమ్మాయి సంగతి. చప్పుళ్లు అందరూ విన్నారు. ఆమెకు మాత్రం ఇంకొకటి జరిగేది. తెల్లవారుజామున మెలకువ వస్తుంది, కళ్లు తెరుచుకుంటాయి, కాలు చెయ్యి కదలదు, నోరు పెగలదు. గుండెల మీద ఎవరో కూర్చున్న బరువు. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. ఇది విన్నాకే ఇంట్లోవాళ్లు ఆమెను భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. వేపమండలతో కొట్టాడు. చేతుల మీద వాతలు నేను వెళ్లేసరికి ఇంకా మానలేదు. తండ్రి తల వంచుకుని, “బిడ్డ బాగుపడుద్దంటే ఏదైనా చేస్తామమ్మా” అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకోలేకపోయాను.

దీనిని నిద్ర పక్షవాతం అంటారు. కలలు వచ్చే దశలో, కలలో చేసే పనులు ఒంటితో చేయకుండా మెదడు కండరాలను సడలించి ఉంచుతుంది. ఒక్కోసారి ఆ సడలింపు పోకముందే మెలకువ వచ్చేస్తుంది, కల కూడా పూర్తిగా పోదు. జీవితంలో ఎప్పుడో ఒకసారి ఇది నూటికి ఏడెనిమిది మందికి జరుగుతుంది. నిద్ర చాలనివాళ్లకు, వెల్లకిలా పడుకునేవాళ్లకు ఎక్కువ. ఈ అమ్మాయి పరీక్షల కోసం అర్ధరాత్రి దాకా చదివి, తర్వాత చప్పుళ్లకు భయపడి మెలకువగా ఉండి, తెల్లారగట్ల కాసేపు కునుకు తీసేది.

ఇదంతా చెప్పాక ఆమె అడిగింది: “మరి ఆడమనిషే ఎందుకు కనపడుతుంది మేడం?” మంచి ప్రశ్న. ఆ బరువు, ఆ భయం ఏ దేశంలో మనిషికైనా ఒకటే. ఎవరు కూర్చున్నారన్నది మాత్రం వాళ్లు విన్న కథల్లోంచి వస్తుంది. కెనడాలోని న్యూఫౌండ్లాండ్‌లో మంత్రగత్తె ముసలిది అంటారు, జపానులో కనాషిబారి అంటారు. నువ్వు పుట్టినప్పటి నుంచీ విన్నది ఉప్పెనలో పోయిన ఇల్లాలి కథ కదా అన్నాను. కాసేపు మౌనంగా ఉండి తల ఊపింది. తర్వాత ఆమెను, తల్లినీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఓపికగా అన్నీ విని, మందులేమీ రాయకుండా నిద్ర వేళలు సరిచేశారు, పక్కకు తిరిగి పడుకోమన్నారు. మెడలో తాయెత్తు ఉంచుకోనా తీసేయనా అని పిల్ల అడిగితే, నీ ఇష్టం అన్నారు. నేనూ అదే అన్నాను.

కొన్ని వారాలకు అది పూర్తిగా ఆగలేదు గానీ బాగా తగ్గింది. వచ్చినా “ఇదేంటో నాకు తెలుసు, నిమిషంలో పోతుంది” అనుకుంటున్నానని చెప్పింది. కాలేజీకి వస్తోంది. ఉయ్యాల బల్ల అటక దింపి, కొబ్బరినూనె రాసి, గొలుసులకు మళ్లీ తగిలించారు. వాచ్‌మన్ భార్య ఇప్పటికీ చీకటి పడ్డాక ఆ నడవలోకి వెళ్లదు. ఉప్పు మరకలు చూపించినప్పుడు అంతా విని, “మీరు చెప్పింది నిజమేనండి, కానీ నాకు భయం పోలేదు” అంది. అది కూడా నా పుస్తకంలో రాసుకున్నాను.

మేడగది కిటికీలో దీపం సంగతి తేలలేదు. చూశామన్నవాళ్లంతా వీధిలోంచే చూశారు, అందరూ కార్తీకమాసమే చెప్పారు, పొద్దుపోయాక అన్నారు. నేను ఆ గదిలో కూర్చున్నది కార్తీకం వెళ్లిపోయాక. కిటికీకి పాత రంగు అద్దాలున్నాయి. వీధి చివర గుడి ధ్వజస్తంభానికి కార్తీకమంతా ఆకాశదీపం కడతారు. అది ఆ అద్దాల్లో ప్రతిఫలించి వీధిలోకి కనపడుతుందా, కనపడితే ఏ చోట నిలబడినవాళ్లకు అన్నది లెక్క కట్టి చూశాను. కోణం దాదాపు కుదురుతోంది, పూర్తిగా కుదరడం లేదు. మధ్యలో ఒక కొబ్బరిచెట్టు ఉంది. ఈసారి ఆకాశదీపం కట్టిన రోజు నుంచే వీధిలో ఒకరం, మేడగదిలో ఒకరం ఉండి, అద్దాలకు గుడ్డ కట్టీ విప్పీ చూడబోతున్నాం. వీధిలో ఉండేది నేను. మేడగదిలో తను కూర్చుంటానని అమ్మాయి అంది. వాళ్ల నాన్న సరేనన్నాడు.